మిద్దె మీద షేడ్ హౌస్‌కి ఏ నెట్ కట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి వచ్చిందంటే మిద్దె తోట వాళ్లందరిదీ ఒకటే గోల, నెట్ ఎంత శాతం కొనాలి అని. నేను హైదరాబాద్‌లో డాబా మీద కుండీలు, గ్రో బ్యాగులు పెట్టుకుని కూరగాయలు పండిస్తున్నాను. మూడుసార్లు నెట్ మార్చాను, అందులో రెండుసార్లు నా తెలివితక్కువతనం వల్లే. నన్ను అడిగిన ప్రశ్నలు, నేను ముందే అడిగి ఉండాల్సిన ప్రశ్నలు ఇక్కడ కలిపి రాశాను.

గ్రీన్‌హౌస్ అంటే అద్దాల గది కదా, మన ఎండకి అది అవసరమా?

అద్దాల గది చలిదేశాల వాళ్లకి. లోపలికి వచ్చిన ఎండ నేలనీ గాలినీ వేడి చేస్తుంది. పైన, పక్కన మూసి ఉంటుంది కాబట్టి ఆ వేడిగాలి బయటికి పోలేదు. బయట మంచు కురిసే చోట అదొక వరం. ఏప్రిల్‌లో కరీంనగర్‌లోనో నంద్యాలలోనో అలాంటి గది కడితే అది మొక్కలకి కట్టిన ఆవిరి కుడుముల పాత్ర.

మనకి కావాల్సింది షేడ్ నెట్ హౌస్. నాలుగు స్తంభాలు, పైన జాలి, పక్కలు తెరిచి. మన తాతలు దీన్నే పందిరి అన్నారు. పొన్నూరు, చేబ్రోలు వైపు తమలపాకు తోటల్లో అవిశె చెట్లు పెంచి తీగని వాటి మీదికి పాకించేవారు. ఆ అవిశె ఆకుల సందుల్లోంచి పడే ఎండే తమలపాకుకి సరిపోయేది. అరకు కాఫీకి సిల్వర్ ఓక్ నీడ ఇచ్చేదీ అదే లెక్కన. కడియం నర్సరీల్లో ఇప్పుడు ఎకరాలకి ఎకరాలు జాలి కనిపిస్తుంది. పద్ధతి పాతదే, జాలి ఒక్కటే కొత్తది.

35, 50, 75, 90 అంటారు. ఈ అంకెలకి అర్థం ఏమిటి? నాకు ఏది కావాలి?

ఆ అంకె నెట్ ఆపే వెలుతురు. 75 శాతం నెట్ అంటే నూటికి 75 పాళ్లు ఆపి 25 పాళ్లు కిందికి వదులుతుంది. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. దుకాణంలో అమ్మే కుర్రాడు కూడా.

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. దుకాణంలో అడిగితే "ఎంత ఎక్కువ శాతం అయితే అంత మంచిది సార్, చల్లగా ఉంటుంది" అన్నారు. 75 శాతం ఆకుపచ్చ నెట్ తెచ్చి డాబా మొత్తం కప్పేశాను. నిజంగానే చల్లగా ఉంది. కుర్చీ వేసుకుని పేపర్ చదువుకోవడానికి బ్రహ్మాండంగా ఉంది. టమాటా మొక్కలు మాత్రం వెలుతురు వెతుక్కుంటూ సన్నగా, పొడవుగా నా భుజం దాకా సాగాయి. పూత అక్కడొకటి ఇక్కడొకటి. ఆ వేసవంతా కూరకి టమాటాలు బజార్లోనే కొన్నాం.

లెక్క ఇలా చూసుకోండి. మబ్బు లేని వేసవి మధ్యాహ్నం ఆరుబయట వెలుతురు సుమారు లక్ష లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) ఉంటుంది. 50 శాతం నెట్ కింద అది 50 వేలు, 75 శాతం కింద 25 వేలు, 90 శాతం కింద 10 వేలు. కాయ కాసే మొక్కకి కాయ నిండడానికి పిండిపదార్థం కావాలి. దాన్ని తయారు చేసేది వెలుతురే. అందుకే టమాటా, వంగ, మిరపకి 35 శాతం చాలు, మరీ మండే డాబా అయితే 50. అంతకు మించి వద్దు. బెండ, గోరుచిక్కుడు, గోంగూర, బీర, సొర, కాకర, కరివేపాకు, మల్లె ఎండలో పుట్టి ఎండలో పెరిగే జాతులు. వాటికి నీళ్లు సరిగా పోస్తే చాలు, నెట్ అక్కర్లేదు. అడీనియం అయితే నెట్ కింద పెట్టిన మర్నాటి నుంచే అలుగుతుంది.

కొత్తిమీర, పాలకూర, మెంతికూర వేసవిలో కావాలంటే 50 శాతం. నారు పోసుకునే ట్రేలకీ అంతే. మొలకలు నాలుగాకులు వేశాక మెల్లగా ఎండకి జరపాలి. తమలపాకు, మనీప్లాంట్, ఫెర్న్, ఆంథూరియం, ఆర్కిడ్లు 75 శాతం కింద హాయిగా ఉంటాయి. 90 శాతం నెట్ కారు షెడ్డుకి, బట్టలు ఆరేసుకునే చోటికి, కుక్కపిల్లకి. తోటకి కాదు.

అన్ని రకాలూ కలిపి పెంచేవాళ్లు డాబా మొత్తానికి ఒకటే నెట్ వేయకండి. సగం డాబాకి 50 శాతం వేసి మిగతా సగం ఆకాశానికి వదిలేయండి. ఏ మొక్క ఎక్కడ ఉండాలో రెండు వారాల్లో అదే చెప్పేస్తుంది.

మొక్కకి నీడ ఎక్కువైందో తక్కువైందో ఎలా తెలుస్తుంది?

ఎక్కువైతే కణుపుల మధ్య దూరం పెరుగుతుంది, కాండం సన్నబడుతుంది, ఆకులు పెద్దవై పల్చబడతాయి, మొక్క ఒకవైపుకి వాలుతుంది. పూత తగ్గుతుంది. తక్కువైతే మిరప, టమాటా కాయల మీద పడమటి వైపు తెల్లటి, కాగితంలాంటి మచ్చ పడుతుంది. అది తెగులు కాదు, ఎండదెబ్బ. మందు కొట్టి డబ్బు తగలేయకండి.

ఒక తిరకాసు ఉంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాటాలో పుప్పొడి సరిగా పనిచేయదు, పూత రాలిపోతుంది. దీన్ని చూసి నీడ సరిపోలేదనుకుని ఇంకో పొర కప్పేస్తారు. నెట్ ఎండ తాకిడిని తగ్గిస్తుంది గానీ ఊళ్లో వీచే వడగాలిని చల్లబరచదు. మే నెలలో టమాటా పూత రాలడం చాలావరకు మామూలే. మొక్కని బతికించుకుంటే జూన్ చివర మళ్లీ పూస్తుంది.

దుకాణంలో 50 శాతం అని ఇచ్చింది నిజంగా 50 శాతమేనా?

అనుమానం మంచిదే. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకోండి. మధ్యాహ్నం పన్నెండుకి ఎండలో ఫోన్‌ని నేల మీద వెల్లకిలా పెట్టి అంకె రాసుకోండి. తర్వాత అదే చోట, పైన నెట్ ముక్క పట్టుకుని మళ్లీ చూడండి. నెట్ ఫోన్‌కి తగలకుండా మూడు నాలుగు అడుగుల ఎత్తులో ఉండాలి. ఫోన్ చెప్పే అసలు అంకె తప్పు కావచ్చు, కానీ రెండింటి నిష్పత్తి మనకి పనికొస్తుంది. నేరుగా ఎండలో అంకె ఒకచోట ఆగిపోయి కదలకపోతే సెన్సర్ మీద పల్చటి తెల్లకాగితం వేసి రెండుసార్లూ అలాగే కొలవండి. నేను 50 అని కొన్న ఒక నెట్ ఈ లెక్కలో 65 దాకా ఆపింది.

షేడ్ నెట్లకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ 16008. రోల్ మీద ఆ అంకె, తయారీదారు పేరు, శాతం అచ్చయి ఉంటే కొంత ధైర్యం. మీటర్ల లెక్కన కోసి ఇచ్చే చోట ఆ లేబుల్ మన కంటపడదు. రోల్ చూపించమని అడగండి, మొహమాటం వద్దు.

రంగు సంగతేమిటి? అందరూ ఆకుపచ్చే కడుతున్నారు కదా?

అందరూ కడుతున్నది దొరుకుతున్నది కాబట్టి, కంటికి బాగుంటుంది కాబట్టి. మొక్క ఎక్కువగా వాడుకునేది ఎరుపు, నీలం కాంతి. ఆకుపచ్చ కాంతిని మిగతా రెండింటి కంటే ఎక్కువగా వెనక్కి పంపుతుంది, అందుకే ఆకు మనకి పచ్చగా కనిపిస్తుంది. ఆకుపచ్చ నెట్ కిందికి పంపే వెలుతురులో ఆ పచ్చ పాలే కాస్త ఎక్కువ. నెట్ కింద మొక్కలన్నీ నిగనిగలాడుతున్నాయని మురిసిపోతాం, బయటికి తెచ్చి చూస్తే అంత సీన్ ఉండదు. అలాగని ఆకుపచ్చ నెట్ విషమేమీ కాదు. 50 శాతం లోపు అయితే ఆకుకూరలు మామూలుగానే వస్తాయి.

నలుపు రంగు కాంతిలోని అన్ని రంగులనీ సమానంగా తగ్గిస్తుంది, మొక్కకి అది మంచిది. కానీ అది ఎండని పీల్చుకుని తనే వేడెక్కుతుంది. తలకి దగ్గరగా కడితే వేడి కిందికి కొడుతుంది. ఎత్తులో, గాలి ఆడేలా కడితే ఇబ్బంది లేదు. తెలుపు రంగు వెలుతురుని చెదరగొట్టి పంపుతుంది. నీడ గీత పడినట్టు ఒకచోటే కాక కింది ఆకులకీ వెలుతురు చేరుతుంది. నెట్ కూడా అంతగా కాగదు. కాయగూరలకి నా ఓటు 35 లేదా 50 శాతం తెలుపుకే. తెలుపు దొరకడానికి నాలుగు దుకాణాలు తిరగాలి, దుమ్ము పట్టి ఏడాదిలో బూడిద రంగులోకి దిగుతుంది. రెండు నెలలకోసారి పైపుతో నీళ్లు కొట్టండి, ఎందుకంటే దుమ్ము పొర కూడా నీడే.

వెండిరంగు అల్యూమినియం పూత ఉన్న నెట్లు వేడిని వెనక్కి తిప్పికొడతాయి. నిజంగా మేలైనవే, కానీ వాటి ధర వింటే డాబా తోట వాడికి టెన్షన్ వస్తుంది. ఆర్కిడ్లు అమ్ముకునేవాళ్లకి గిట్టుబాటు కావచ్చు.

టేపు, మోనో అంటున్నారు. తేడా ఏమిటి?

నెట్‌ని వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. దారం చదునుగా, రిబ్బనులా ఉంటే టేపు. చేపల గాలానికి కట్టే తాడులా గుండ్రంగా ఉంటే మోనో. మోనో కొంచెం ఖరీదు. ఎక్కువ కాలం ఆగుతుంది, గాలి దాని గుండా సులువుగా పోతుంది, సాగి వేలాడటం తక్కువ. టేపు చవక, గాలికి పటపటా కొట్టుకుంటూ అంచుల దగ్గర ముందుగా పోగులు లేస్తుంది. రెండూ కలిపి అల్లినవీ ఉంటాయి. అద్దె ఇంట్లో ఉండి రెండేళ్లలో మారిపోయేవాళ్లకి టేపు చాలు. సొంత డాబా అయితే మోనో కొనండి.

అంతకన్నా ముఖ్యం ముడిసరుకు. కొత్త హెచ్‌డీపీఈ (గట్టి రకం ప్లాస్టిక్)తో, ఎండని తట్టుకునే యూవీ మందు కలిపి చేసిన నెట్ మూడు నుంచి ఐదేళ్లు వస్తుందని కంపెనీలు చెబుతాయి. పాత ప్లాస్టిక్ కరిగించి చేసినది రెండో వేసవికే పెళుసుబారి, చేత్తో నలిపితే పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి నేరుగా కుండీల మట్టిలోకే. వాసన చూడండి, కాలిన ప్లాస్టిక్ కంపు ఉంటే వదిలేయండి.

35 శాతం నెట్ రెండు పొరలు వేస్తే 70 శాతం అవుతుందా?

అవదు. మొదటి పొర 65 పాళ్లు వదిలితే, రెండోది ఆ 65లో మళ్లీ 65 పాళ్లు వదులుతుంది, అంటే సుమారు 42. మొత్తం నీడ 58 శాతం. 50 మీద 50 వేస్తే 75. ఇది తెలిశాక నాకు ఒక ఉపాయం తట్టింది. ఏడాదిలో ఎక్కువ కాలం ఒక పొర 35 శాతం, నడి వేసవి నెలన్నర మాత్రం ఆకుకూరల మీద రెండో పొర. రెండు రకాల నెట్లు కొని అటక మీద దాచే బాధ తప్పింది.

పారదర్శకమైన పాలిథిన్ షీటు గానీ పాలీకార్బొనేట్ గానీ వేయొచ్చా?

నీడకి కాదు, వానకి వేయొచ్చు. పాలీహౌస్‌లలో వాడే 200 మైక్రాన్ల యూవీ షీటు వెలుతురుని బాగానే వదులుతుంది, వేడిని మాత్రం లోపలే ఉంచుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా ముసురుకి నారు కుళ్లిపోకుండా, పక్కలన్నీ తెరిచి, పైకప్పుగా మాత్రం వేసుకుంటే ఉపయోగం. షేడ్ నెట్ వానని ఆపదు. పైగా చినుకులు దారాల దగ్గర పోగై పెద్ద బొట్లుగా రాలి లేత మొలకల్ని పడగొడతాయి. నారు ట్రేలు ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పాలీకార్బొనేట్ రేకు ఇప్పటికే వేయించుకున్నవాళ్లు బాధపడకండి. దాని పైన, అడుగు ఖాళీ వదిలి, నెట్ కట్టండి. నెట్ లోపల కడితే ఎండ అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. నెట్ కాగుతుంది, కాగిన నెట్ గదిని కాస్తుంది. దొంగ ఇంట్లోకి వచ్చాక తలుపు వేసుకున్నట్టు. కొత్తగా వేయించేవాళ్లు రేకు మీది స్టిక్కర్ చూసి, యూవీ పూత ఉన్న వైపు ఆకాశం వైపు ఉందో లేదో దగ్గరుండి చూసుకోండి. తిరగేసి బిగిస్తే రేకు పసుపుబారుతుంది, పెళుసెక్కుతుంది.

ప్లాస్టిక్ ఇష్టం లేదు. తాటాకులు, కొబ్బరి మట్టలు వాడొచ్చా?

తప్పకుండా. అల్లిన కొబ్బరి మట్టల కింద ఉండే చల్లదనం ఏ నెట్ కిందా రాదని నా నమ్మకం. కోనసీమ వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. చిక్కేమిటంటే మట్ట ఎక్కడ దళసరిగా ఉందో అక్కడ చీకటి, సందు ఉన్నచోట మంట. శాతం లెక్క మన చేతిలో ఉండదు. మందంగా కప్పకుండా మట్టకీ మట్టకీ మధ్య బెత్తెడు సందు వదిలి పరిస్తే ఆ సందుల ఎండ పొద్దుతోపాటు జరుగుతుంది, ఏ మొక్కకీ ఎక్కువసేపు తగలదు. ఒక వేసవికి, మహా అయితే రెండు వేసవులకి వస్తాయి. తర్వాత కంపోస్టు. చెదలు, ఎలుకలు, దీపావళి తారాజువ్వలు, ఈ మూడింటి మీదా కన్ను వేసి ఉంచాలి.

వెదురు తడికెలు ఇంకా మేలు, చుట్టి పక్కన పెట్టుకోవచ్చు. పడమటి వైపు నిలువుగా వేలాడదీయడానికి వీటిని మించినవి లేవు. పాత నూలు చీర, పంచె అత్యవసరానికి పనికొస్తాయి. మా అమ్మ వడియాల మీద కాకులు వాలకుండా కప్పే పంచెనే రెండు వారాలు కొత్తిమీర మడి మీద కప్పాను. కొత్తిమీర బాగా వచ్చింది, పంచె గురించి మాత్రం ఇప్పటికీ వింటున్నాను. వాన పడితే నూలుబట్ట బరువెక్కి మొక్కల మీద కూలుతుంది, అది చూసుకోండి.

బతికున్న నీడ కూడా ఉంది. పడమటి పిట్టగోడ వెంట బీర, సొర, దొండ పందిరి ఎక్కిస్తే వాటి వెనక ఆకుకూరలకి సాయంత్రపు ఎండ తగలదు. నెట్ ఖర్చు లేదు, పైగా బీరకాయలు. కాకపోతే మార్చిలో నీడ కావాలంటే జనవరిలోనే విత్తనం పెట్టాలి.

గ్రీన్‌హౌస్ కప్పుకి సున్నం పూస్తే సరిపోతుందంటారు?

గాజు, పాలిథిన్ కప్పులున్న చోట ఇది పాత పద్ధతే. వేసవి మొదట్లో తెల్లటి పూత పూస్తే వానలకి మెల్లగా కొట్టుకుపోతుంది. పూత మందం ఒకేలా ఉండదు. అల్యూమినియం ఫ్రేమ్ అయితే సున్నం దాన్ని తినేస్తుంది. గట్టిగా అంటుకోవాలని ఫెవికాల్ కలిపితే వానాకాలంలో వెలుతురు చాలక గోళ్లతో గీక్కోవాల్సి వస్తుంది. నెట్ హౌస్ ఉన్నవాళ్లకి కప్పు మీద దీని పని లేదు.

నేల మీద మాత్రం ఉంది. డాబా నేలకి తెల్ల పూత వేస్తే కింద నుంచి కొట్టే సెగ బాగా తగ్గుతుంది. పైన నీడ గురించి ఇంత ఆలోచించేవాళ్లం, పెనంలా కాలే స్లాబు మీద నల్లటి గ్రో బ్యాగు పెట్టి వేర్లని వేయించేస్తాం. బ్యాగులని ఇటుకల మీదో స్టాండు మీదో ఎత్తి పెట్టండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీలోనూ ఎండని వెనక్కి పంపే ఇలాంటి పూతలే ముఖ్యం, అక్కడి ఉద్దేశం ఇంట్లో మనుషుల కోసం. మన విషయంలో కిందింట్లో ఉన్నవాళ్లకీ, పైన ఉన్న మిరప మొక్కకీ ఇద్దరికీ లాభం.

నెట్ ఎంత ఎత్తులో, ఏ వైపున కట్టాలి?

కనీసం 8 అడుగులు, వీలైతే 10. ఎత్తు తగ్గే కొద్దీ వేడిగాలి నెట్ కింద ఆగిపోతుంది. నాలుగు పక్కలూ కప్పి గది చేయకండి. గాలి ఆడదు, తేనెటీగలు రావు. తేనెటీగ రాకపోతే దోస, గుమ్మడి ఆడపూలు పిందె కట్టకుండా రాలిపోతాయి. అప్పుడు పొద్దున్నే మగపువ్వు కోసి ఆడపువ్వుకి మనమే అద్దాలి.

వైపు గురించి ఎక్కువమంది పట్టించుకోరు గానీ అసలు కీలకం అదే. తూర్పు ఎండ మొక్కకి పాలలాంటిది, దాన్ని అడ్డుకోవద్దు. పదకొండు నుంచి నాలుగున్నర దాకా వచ్చేదే కాల్చేది. కాబట్టి పైన నెట్, పడమట నిలువు నెట్, తూర్పు పూర్తిగా ఖాళీ. ఇంకోటి, మే మొదటి వారాల్లో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నీడ కాళ్ల కిందే పడుతుంది. మళ్లీ ఆగస్టు మొదట్లో అలాగే. ఈ రెండు రోజుల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరం నుంచి వస్తాడు. డిసెంబరులో అదే సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తుకే దిగిపోతాడు. అందుకే డిసెంబరులో చూసి "ఇక్కడ నీడ పడుతోంది" అని గుర్తు పెట్టుకున్న చోటు మేలో నిప్పుల కొలిమి అయి కూర్చుంటుంది. దక్షిణం వైపు అపార్ట్‌మెంటు అడ్డున్నవాళ్లకి ఇది మరీ తెలియాలి.

స్లాబుకి రంధ్రాలు పెట్టకుండా స్తంభాలు ఎలా నిలపాలి?

డ్రిల్ పెట్టకండి, వానాకాలంలో కింద హాల్లో బకెట్లు పెట్టుకోవాల్సి వస్తుంది. పాత పెయింటు డబ్బాల్లో కాంక్రీటు పోసి, మధ్యలో జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు నిలబెట్టి, ఆ పైపుల్ని పిట్టగోడకి క్లాంపులతో పట్టించండి. పిట్టగోడ స్తంభాల దగ్గరే పట్టించండి, ఒంటి ఇటుక గోడని నమ్మకండి. పైపుల మీదుగా జీఐ తీగ లాగి, తీగ మీద నెట్ పరిస్తే మధ్యలో వేలాడదు. నెట్ అంచుని రెండు మడతలు వేసి, ఆ మడతలోంచి తాడు గుచ్చితే చిరగదు. ఒంటి పొరకి చిల్లు పెట్టి బైండింగ్ వైరు కడితే మొదటి గాలికే ఆ చిల్లు నుంచి చీలిపోతుంది.

గాలివాన వస్తే?

50 శాతం నెట్ కూడా గాలికి తెరచాపే. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉన్నట్టుండి లేచే గాలిదుమారానికి నా రెండో నెట్ మూడు పైపులతో సహా లేచి పక్కింటి నీళ్ల ట్యాంకు మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పక్కింటాయన మంచివాడు కాబట్టి కాఫీ ఇచ్చి పైపులు కూడా ఇచ్చాడు. నా తప్పేమిటంటే నాలుగు వైపులా బైండింగ్ వైరుతో బిగించేశాను. విప్పాలంటే కటింగ్ ప్లేయరు వెతకాలి, అది ఎప్పుడూ కింద ఉంటుంది.

ఇప్పుడు ఒక పక్క మాత్రమే గట్టిగా కట్టి, మిగతా మూడు పక్కలా జారుముడి వేస్తున్నాను. లాగితే ఊడుతుంది, పరదాలా ఒక పక్కకి చుట్టేయొచ్చు. రెండు నిమిషాల పని. కోస్తాలో ఉన్నవాళ్లు తుపాను కబురు వినగానే ముందు నెట్ దించండి, తర్వాత కుండీలు గోడవారకి జరపండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖని ఊపినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కబురు రోజుల ముందే వచ్చింది. నెట్ దించడానికి అంత సమయం ఎక్కువే.

ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు తీయాలి?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ తర్వాత రెండు మూడు వారాలకి, మార్చి మధ్యలో, కట్టండి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు, అప్పుడు ఆకుకూరలకి రెండో పొర. మృగశిర వచ్చి రెండు వానలు పడ్డాక రెండో పొర తీసేయండి. ముసురు పట్టాక మొదటిదీ తీసేయండి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. జులై, ఆగస్టుల్లో మబ్బే సగం వెలుతురు తినేస్తుంది. మిగిలిన సగంలో నెట్ ఇంకో సగం తింటే మొక్కకి మిగిలేది ఏముంటుంది? తడి, చీకటి, గాలి లేకపోవడం, మూడూ కలిస్తే తెగుళ్లకి పండగ. వానాకాలంలో నెట్ కింద తెగుళ్లు ఎక్కువని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామందికి నా సమాధానం, నెట్ తీసేయండి.

తీసేటప్పుడు ఎండ కాసే మధ్యాహ్నం ఒక్కసారిగా తీయకండి. మబ్బుగా ఉన్న రోజో సాయంత్రమో తీస్తే ఆకులు మాడవు. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎండ మళ్లీ చురుక్కుమన్నా నాలుగైదు రోజులు ఓర్చుకుంటే చాలు, కొత్తగా కట్టక్కర్లేదు. ఆర్కిడ్లు, ఆంథూరియం ఉన్న మూలకి మాత్రం ఏడాది పొడవునా ఉంచండి.

నెట్ కట్టాక నీళ్లు ఎన్నిసార్లు పోయాలి?

తగ్గించాలి. నీడలో మట్టి నెమ్మదిగా ఆరుతుంది. పాత అలవాటుకొద్దీ రెండు పూటలా పోస్తే వేరు కుళ్లుతుంది. వేలు రెండు కణుపుల లోతు దించి చూసి, తడి తగలకపోతేనే పోయండి.

తెల్లదోమ రాకుండా షేడ్ నెట్ ఆపుతుందా? కోతుల్ని?

తెల్లదోమకి షేడ్ నెట్ కన్నాలు సింహద్వారాలు. దానికి 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలు) ఇన్‌సెక్ట్ నెట్ కావాలి, అది కట్టాలంటే నాలుగు పక్కలా మూయాలి. మూస్తే గాలి తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, తేనెటీగ రాదు. నారు ట్రేల మీద చిన్న గూడులా కట్టుకోవడం వరకు సరే, డాబా మొత్తానికి నేను సలహా ఇవ్వను.

కోతుల సంగతి వేరు. షేడ్ నెట్ వాటికి ఊయల. పైనుంచి దూకి, చించి, టమాటా కొరికి నచ్చక మన మీదికే విసిరి పోతాయి. కోతులున్న ఊళ్లో షేడ్ నెట్ మీద పెద్ద ఖర్చు పెట్టకండి. చుట్టూ చైన్‌లింక్ మెష్ పెట్టించి, దాని పైన చవక నెట్ వేయండి.

మేం టెక్సాస్‌లో ఉంటున్నాం. పెరట్లో పాలీకార్బొనేట్ గ్రీన్‌హౌస్ కిట్ బిగించాం, కరివేపాకు కోసం. జులైలో ఆకులు మాడుతున్నాయి.

మీకు చలికాలంలో ఆ మూసిన గది కావాలి, వేసవిలో అదే శత్రువు. కరివేపాకు ఎండకి మాడటం లేదు, మూసిన గదిలో ఉడుకుతోంది. ముందు పైకప్పు కిటికీ, రెండు వైపులా తలుపులు తెరిచి చూడండి. వీలైతే వేసవి మూడు నెలలూ కుండీని బయటికే తెచ్చేయండి, కరివేపాకుకి అదే ఇష్టం. లోపలే ఉంచాలంటే కప్పు పైన బయటి వైపు 30 నుంచి 50 శాతం నెట్ వేసి, సెప్టెంబరు చివర తీసేయండి. మీ దగ్గర చలికాలం పగలు చిన్నది, సూర్యుడు మన దగ్గరి కంటే చాలా కిందుగా ఉంటాడు. ఆ నెలల్లో నెట్ మరిచిపోయి ఉంచేస్తే ఉన్న కాస్త వెలుతురూ పోతుంది.

ఎంత కొనాలి?

కప్పే చోటు కొలత కంటే ప్రతి పక్కా ఒక అడుగు ఎక్కువ, మడతలకీ బిగింపుకీ. పడమటి పరదాకి వేరే ముక్క. రోల్ వెడల్పు సాధారణంగా 3 మీటర్లు ఉంటుంది, అంతకంటే వెడల్పు కావాలంటే రెండు ముక్కలు కలపాలి. మామూలు కుట్టుదారం ఒక్క ఎండాకాలానికి చివికిపోతుంది, నైలాన్ దారంతో గోనెసంచి దబ్బనం పెట్టి కుట్టండి. కలిపిన చోట జానెడు ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేయండి.

చిరిగిన పాత నెట్ ఏం చేయాలి?

పెళుసుబారనిదైతే ముక్కలు చేయండి. కుండీ అడుగున రంధ్రం మీద వేస్తే మట్టి కారిపోదు. కంపోస్టు డ్రమ్ము మూతి మీద కట్టొచ్చు, జామకాయలకి సంచుల్లా తొడగొచ్చు. మా ఇంట్లో 75 శాతం ఆకుపచ్చ నెట్ ఇప్పుడు కారు మీద ఉంది. చేత్తో నలిపితే పొడి అవుతున్నదాన్ని మాత్రం ఇంక దేనికీ వాడకండి, ముక్కలు మట్టిలో పడకముందే మడిచి ప్లాస్టిక్ చెత్తలో ఇచ్చేయండి. కాల్చకండి.